మాగబెట్టిన పువ్వు

కొసరు లేకుండా సరుకు ఇంటికి తెచ్చుకోవడం మా ఇంట్లో పాపం కింద లెక్క. గోల్నాకలో మా నాయినది పండ్ల దుకాణం. ఆ పక్కది ఉప్పూ బెల్లం, ఎదురుగా గాజుల కొట్టు. నేను మాటలు నేర్చుకున్నది ఆ గల్లాపెట్టెల మధ్యనే. అందుకే యూనివర్సిటీ క్వార్టర్లలో ఒక విదేశీ ప్రొఫెసరుగారి కుటుంబం దేశం వదిలి వెళ్ళిపోతూ సామాను వరండాలో పెట్టి అమ్ముతున్నారని మా ఆయన చెప్పగానే, తార్నాక నుంచి ఆయనను ముందు నడిపించుకుంటూ వెళ్ళాను. అది అరవై ఎనిమిది చివర, చలి అప్పుడే మొదలైంది.

పేము కుర్చీలు బేరం చేశాను. ఆ దొరసానికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. బేరానికి భాష అక్కర్లేదు. ముఖం చిట్లించి వెనక్కి తిరగడం వస్తే చాలు. ధర కుదిరాక నా అలవాటు కొద్దీ చుట్టూ చూసి, మెట్టు మీదున్న ఒక చిన్న కుండీ వైపు వేలు చూపించాను. మా ఆయన యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేవాడు. ఆ దేశపు మనిషికి కొసరు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పలేక చెమటలు పట్టి నిల్చున్నాడు. ఎట్లాగో అర్థమై ఆమె నవ్వింది, తీసుకోమంది.

అంతటితో ఆగితే నేను నాయిన బిడ్డనే కాదు. కిటికీ దగ్గర అదే జాతి మొక్క ఇంకొకటి ఉంది, పెద్దది. దాని నడిబొడ్డు నుంచి గులాబీ రంగు బల్లెం లాంటి పువ్వు లేచి ఉంది. ఈ చిన్నది వద్దు, అది ఇమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది, ఏదో చెప్పింది.

"అది నీకు పనికిరాదంటున్నది. చిన్నదే మంచిదట" అన్నాడు మా ఆయన.

"దుకాణంల మంచి సరుకు వెనుక దాచుకునుడు నాకు ఎరుక లేదా" అన్నాను.

వెళ్ళే ముందు ఆమె చిన్న మొక్కను ఎలా చూసుకోవాలో చేతులతో చూపించింది. బ్రొమీలియాడ్ అని దాని పేరు. దళసరి ఆకులు, అంచులకు సన్నని ముళ్ళు, ఆకుపచ్చ మీద అడ్డంగా విభూతి పట్టెల్లా వెండి చారలు. ఆకులన్నీ నడుమ ఒకదానినొకటి చుట్టుకుని గిన్నెలా అవుతాయి. నీళ్ళు వేళ్ళకు కాదు, ఆ గిన్నెలో పోయాలి. మట్టి కూడా అక్కర్లేదు. కొబ్బరిపీచు, బొగ్గు, ఇటుక ముక్కలు చాలు. వెలుతురు కావాలి గాని ఎండ తగలకూడదు. గిన్నెలో నీళ్ళు నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి కాబట్టి కుండీ వంచి పారబోసి కొత్తవి పోస్తుండాలి. వేళ్ళతో కాకుండా గుండెతో నీళ్ళు తాగే మొక్కను నేను అదే మొదటిసారి చూడటం. ఏమో, ఇంటికి తెస్తున్నప్పుడే ఒళ్ళో ఏదో ప్రాణిని పెట్టుకున్నట్టు అనిపించింది.

తార్నాకలో మేమున్న ఇల్లు రెండు వాటాలు, ఒకటే వరండా. పక్క వాటాలో ఉన్న ఆయన యూనివర్సిటీలో లెక్చరరు. కృష్ణ అవతలి నుంచి, ఆంధ్ర వైపు నుంచి వచ్చిన వాళ్ళు. లెక్చరరుగారు పాఠం చెప్పేవాడు, మా ఆయన ఆ పాఠానికి కావలసిన పుస్తకం దించి ఇచ్చేవాడు. ఆ లెక్కన వాళ్ళు మాకన్నా ఒక మెట్టు పైన. కాని లెక్చరరుగారి భార్య నన్ను ఏనాడూ అక్కయ్యగారూ అనకుండా పిలవలేదు. సన్నగా, చిన్న వయసులో, కడుపుతో ఉండేది. తల్లి ఆమెను కంటూనే పోయింది. అమ్మమ్మ పెంచింది, ఆ అమ్మమ్మా లేదు.

వరండాలో ఆమె వైపే గోడ నీడ పడేది. అందుకని మొక్క అక్కడికి చేరింది, పనీ ఆమెదే అయింది. పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. వెండి చార చెరిగిపోతుందని గట్టిగా రుద్దేది కాదు. నేను అరుగు మీద కూర్చుని కూరగాయల బండివాడితో పోట్లాడుతూ ఆమెకు సలహాలు చెప్పేదాన్ని.

"అక్కయ్యగారూ, ఇది పుయ్యదా?"

"పూస్తది. దానికి బుద్ధి పుట్టాలె."

"సీమంతం నాటికి పూస్తే ఎంత బావుణ్ణు. పుట్టింటి తరఫున పళ్ళెం పట్టుకొచ్చేవాళ్ళు ఎవరూ లేరు కదా. వచ్చినవాళ్ళు నా వెనకాల ఖాళీ చూడకుండా, కనీసం దాన్ని చూస్తారు."

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఎక్కడో పట్టుకుంది. పట్టుకున్నప్పుడు గొప్పలు పోవడం నా జబ్బు. "గింతేనా? కాయను పండు జేసేటోళ్ళ బిడ్డను చెల్లే. మొగ్గను రప్పియ్యలేనా?" అన్నాను.

మరునాడు గోల్నాక వెళ్ళి నాయినను కార్బైడు అడిగాను. మామిడికాయలు మాగబెట్టడానికి బుట్ట అడుగున పొట్లం కట్టి పెట్టే బూడిదరంగు రాయి. తోపుడు బండ్ల దీపాల్లోనూ అదే వేసేవాళ్ళు.

"ఈ సలికాలంల మామిడికాయ ఏడ దొరికిందే నీకు?" అన్నాడు.

"మామిడికాయకు కాదు నాయినా, మొక్కకు. పువ్వు రావాలె."

"మొక్కను మాగబెడ్తవా?" అని కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అనాస తోటలోళ్ళు ఏస్తరని సరుకు తెచ్చెటాయన చెప్పంగ విన్న. గుండెల ఏస్తే తోటంత ఒక్కపారే పూస్తదంట. గని బిడ్డా, తొందరగ మాగింది తొందరగనే మురుగుతది. మన సరుకు సంగతి నీకు ఎరుకనేనాయె" అన్నాడు. పొట్లం మాత్రం ఇచ్చాడు.

శనగగింజంత ముక్క ఆ గిన్నె నీళ్ళలో వేసింది ఆమే. నేను చూపించాను, ఆమె వేసింది. నీళ్ళు సలసల మరిగినట్టు బుడగలు వచ్చాయి. జాతరలో బండ్ల దగ్గర వచ్చే దీపాల వాసన వరండా అంతా నిండింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని నవ్వింది. "మందు పెట్టినట్టుంది అక్కయ్యగారూ" అంది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ వాసనే వస్తుంది.

కొత్త సంవత్సరం వచ్చాక ఊరి గాలి మారింది. క్యాంపస్‌లో క్లాసులు ఆగిపోయాయి. అడిక్‌మెట్ గదుల్లో ఉండే పిల్లలు వరసలు కట్టి నినాదాలతో మా రోడ్డు మీదుగా వెళ్ళేవాళ్ళు. తెలంగాణ మాది, మా ఉద్యోగాలు మాకు కావాలనేవాళ్ళు. వాళ్ళ మాటలో న్యాయం ఉందని మా ఆయన అనేవాడు. గోడ పలచన కాబట్టి నెమ్మదిగా అనేవాడు. నాకూ న్యాయమనే తోచేది. నా మేనబావ డిగ్రీ పట్టుకుని నాయిన దుకాణంలో అరటిపండ్లు డజన్లు లెక్కపెడుతూ కూర్చున్నాడు. పక్క వాటాలో లెక్చరరుగారు చీకటి పడక ముందే ఇంటికి చేరడం, తలుపు మీదున్న పేరు పలక తీసి లోపల పెట్టుకోవడం చూశాను.

అటువంటి రోజుల్లో ఒక పొద్దున ఆమె నన్ను పిలిచింది. గిన్నెలో నీళ్ళ అడుగున గులాబీ రంగు ముల్లు ఒకటి కనిపిస్తోంది. రోజురోజుకూ నీళ్ళలోంచి పైకి లేచింది. సీమంతం నాటికి దొరసాని కిటికీలో చూసినట్టే పూర్తిగా విచ్చింది. గులాబీ రేకల సందుల్లో గోరంత నీలం పూలు. ఇంత అందమైనది నేను చేయించాను కదా అని వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పాను. కార్బైడు సంగతి మాత్రం చెప్పలేదు; దుకాణం గుట్టు దుకాణంలోనే ఉండాలి.

సీమంతానికి వాళ్ళాయన మేనత్త ఊరి నుంచి వచ్చింది. మా వైపు ఆడవాళ్ళూ వచ్చారు, వాళ్ళ వైపు వాళ్ళూ వచ్చారు. రోడ్డు మీద ఎట్లా ఉన్నా గాజుల దగ్గర అందరూ ఒకటే. మేనత్తగారు తమలపాకు నములుతూ మొక్క దగ్గరికి వెళ్ళి, ఆకులు పక్కకు తీసి మొదలు దగ్గర చూసింది.

"పిలకలు కూడా వేసిందే. అయితే అరటి వంటిదన్నమాట. ఇహ దీని పని అయిపోయినట్టే."

"అయిపోవడమేంటి పిన్నిగారూ, ఇప్పుడేగా పూసింది" అని ఎవరో అన్నారు.

"గెల వేసిన అరటి మళ్ళీ వేస్తుందటమ్మా? పిల్లల్ని పెట్టి తల్లి పోతుంది. దాని ధర్మం అంతే."

ఆమె చెడ్డ మనిషి కాదు. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పింది. గాజులామె చేతిలో చూలాలి చెయ్యి ఉంది. సగం దాకా ఎక్కిన ఆకుపచ్చ గాజు అక్కడే ఆగిపోయింది. "చెయ్యి వదులు చెయ్యమ్మా, బిగబడితే పగులుతుంది" అంది గాజులామె.

అరటిగెలల మీద పడుకుని పెరిగిన దాన్ని నేను. గెల లారీలోంచి దిగడం దగ్గర మొదలయ్యేది మా జ్ఞానం. గెల వెనకాల ఒక చెట్టు ఉంటుందనీ, దాన్ని నరికేస్తారనీ మాకు ఎప్పుడూ పట్టలేదు. పండించడం అంటే రంగు రప్పించడమే మాకు. మా ఆయన లైబ్రరీలో పుస్తకం వెతికి, నిజమేనన్నాడు. ఒక్కసారే పూస్తుందట, తర్వాత తల్లి మెల్లగా ఎండుతుందట. దొరసాని తన పూసిన మొక్కను ఎందుకు వద్దన్నదో అప్పుడు తెలిసింది. ఆమె మంచి సరుకే నాకు ఇచ్చింది. దాన్ని పాడు సరుకుగా మార్చింది నా తెలివి.

ఆ రోజు నుంచి ఆమె మొక్కను తుడవడం మానలేదు గాని, తుడిచే తీరు మారింది. ముందు కొసలు చూసేది. శివరాత్రి వెళ్ళేసరికి బయటి ఆకు కొస ఎర్రమట్టి రంగుకు తిరిగింది. పిలకలు మాత్రం మొదలు దగ్గర బలంగా, నిగనిగలాడుతూ లేచాయి. ఒక మధ్యాహ్నం కత్తిపీట పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఈ పిలకలు కోసేయండి అక్కయ్యగారూ."

"నీకేమైనా పిచ్చా? పసివాటిని కోస్తరా?"

"అవి లాగేసుకుంటున్నాయి దాన్ని. తీసేస్తే తల్లి బతుకుతుందేమో."

ఆమె రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. ఆ చెయ్యి అక్కడున్నదని ఆమెకు తెలుసో లేదో. నేను కత్తిపీట లాక్కుని మా వంటింట్లో పెట్టాను. కోసినా తల్లి ఎండడం ఆగదని మా ఆయన పుస్తకంలో చూసిందే. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

మేనత్తగారు తిరుగు ప్రయాణం పెట్టుకుంది. రైళ్ళు ఇంకా నడుస్తున్నాయి, ఆగిపోతాయని అందరూ అంటున్నారు. లెక్చరరుగారు భార్యను అత్తతో పంపాలని పట్టుబట్టాడు. ఆమె కదలనంది. ఆయన నా దగ్గరికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "మీ మాటంటే గౌరవం తనకి. మీరొకసారి చెప్పి చూడండి" అన్నాడు.

నాకు తెలిసిన బేరాలన్నీ ఆడాను. బుజ్జగించాను, కోపం తెచ్చుకున్నాను, వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నట్టు నటించాను. "గా ఊర్ల నీకు మనుషులున్నరు, దవాఖాన ఉన్నది. గీడ రేపు ఏమైతదో ఎవరికెరుక? నీ మొక్కను నేను సూసుకుంట, నువ్వు పో" అన్నాను.

"ఎక్కడైనా ఒకటే అక్కయ్యగారూ. మా అమ్మ పుట్టింట్లోనే పోయింది" అంది.

మేనత్తగారు ఒక్కతే రైలెక్కింది.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే, గేటు దగ్గర గుంపు ఆగింది. పది పన్నెండు మంది ఉంటారు. కొందరి చేతుల్లో రాళ్ళు. మగవాళ్ళు ఇద్దరూ ఇంట్లో లేరు. చొక్కా చేతులు మడిచిన పొడుగాటి పిల్లవాడు ముందుకు వచ్చాడు.

"ఈ ఇంట్ల ఆంధ్రోళ్ళు ఉన్నరటగ?"

"ఉన్నరు. నేనేమన్న లేరన్ననా?"

"ఖాళీ జెయ్యమను. రేపటిదాక టైమిస్తున్నం."

"రేపు శుక్రారం. శుక్రారం పూట ఎవరన్న ఇల్లు ఖాళీ జేస్తరా? మీ అమ్మ జేసిందా ఎప్పుడన్న?"

వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు. పొడుగాటివాడు వెనక్కి చూసి వాణ్ణి ఆపాడు. "అయితే శనారం."

"శనారం అసలే వద్దు. ఇగో తమ్మీ, లోపల నిండు చూలాలున్నది. మీరు అడిగేది నౌకర్లు. ఆమె కడుపుల ఏ నౌకరి లేదు. కాన్పు అయిందాక ఆగుండ్రి."

"కాన్పు అయినంక మాట తప్పితే?"

"గోల్నాకల పండ్ల దుకాణం ఉన్నది. పోయి అడుగు, గా ముసలాయన ఎన్నడన్న మాట తప్పిండా అని. నేను ఆయన బిడ్డనే."

వాడి కళ్ళ కింద నిద్రలేమి ఉంది. "కాన్పు అయిందాక. గంతే. ఆ మీద ఒక్క దినం గూడ అడుగొద్దక్కా" అన్నాడు. వెళ్ళేటప్పుడు గుంపులోంచి ఒకడు రాయి విసిరాడు, అంత గట్టిగా కాదు. అది వరండా గోడకు తగిలి మొక్క పక్కన పడింది.

నాకు లోపల గర్వంగా ఉంది. అంతమందితో బేరమాడి గడువు గెలిచాను. వెనక్కి తిరిగితే ఆమె తలుపు సందులో నిల్చుని ఉంది.

"అయితే కాన్పు అయ్యేదాకా నన్ను ఉండనిస్తారన్నమాట" అంది.

అదే మాట నా నోట్లో ఉన్నప్పుడు గెలుపులా ఉంది. ఆమె నోట్లోంచి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎట్లాగో తెలియలేదు.

నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయి. ఆ రోజు బంద్. రిక్షా లేదు, బస్సు లేదు, రోడ్డు మీద టైర్లు కాలుతున్న పొగ. లెక్చరరుగారు సందుల్లోంచి క్యాంపస్‌కు నడిచి వెళ్ళి, అక్కడి క్వార్టర్లలో ఉండే నర్సమ్మను వెంటబెట్టుకు వచ్చాడు. మా లోపలి గదిలో పక్క వేశాం. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. హమ్మయ్య అనుకునే లోపే నర్సమ్మ ముఖం మారింది. నెత్తురు ఆగడం లేదు. ఆమె పొట్ట మీద చేత్తో అదిమి పట్టుకుని, "కాళ్ళు ఎత్తి పట్టుకోమ్మా, వదలకు" అంది నాతో.

పట్టుకున్నాను. పాదాలు చల్లగా ఉన్నాయి. ఆమె నా వైపే చూస్తోంది.

"మొక్క ఎలా ఉంది?"

"పచ్చగున్నది చెల్లే. నిన్నటికన్న మంచిగున్నది."

"అబద్ధం చెప్పేటప్పుడు మీరు ధర పెంచి చెబుతారు" అంది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

పాపను ఆమె పక్కన పడుకోబెట్టబోయాను. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. నీరసం అనుకున్నాను. నర్సమ్మ చెయ్యి తీయలేదు, సూది వేసింది, మళ్ళీ అదిమింది. పొద్దువాలేసరికి నెత్తురు తగ్గింది. "బతికింది" అంది నర్సమ్మ, గోడకు ఆనుకుని కూర్చుంటూ. నేను వరండాలోకి వెళ్ళి మొక్కను చూశాను. సగం ఆకులు ఎండి ఉన్నాయి. గులాబీ రంగు పోయి పువ్వు గడ్డి రంగుకు తిరిగింది. చచ్చిపోలేదు.

కొద్ది రోజులకే ఆ పొడుగాటి పిల్లవాడు గేటు దగ్గరికి వచ్చాడు. ఒంటరిగా, సైకిలు పట్టుకుని. "ఊకె వచ్చినక్కా. నేనేం అడుగుతలేను. కాన్పు అయిందట గదా, మావోళ్ళు అంటున్నరు" అన్నాడు. పురిటిస్నానం అయ్యేదాకా ఆగమని అడగడానికి నోరు తెరిచాను. అంతలో లోపలి నుంచి లెక్చరరుగారు వచ్చాడు. "గడువు మీరే అడిగారు, వాళ్ళు నిలబెట్టుకున్నారు. మనమూ నిలబెట్టుకుందామండీ" అన్నాడు. ఆ మరునాడే ఎవరిదో జీపు వచ్చింది. ఆమెను దుప్పటితో ఎత్తి ఎక్కించారు. పాపను ఆయన పట్టుకున్నాడు.

వానలు పడ్డాక, ఊరు కాస్త సద్దుమణిగాక, ఆయన మిగిలిన సామాను కోసం లారీతో వచ్చాడు. నేను అప్పటికే బలమైన పిలకను వేరు చేసి, కొత్త కుండీలో కొబ్బరిపీచు పెట్టి నాటి ఉంచాను.

"చెల్లె ఎట్లున్నది?"

"బాగానే ఉందండీ. లేచి తిరుగుతోంది. వంటా చేస్తోంది."

"పాప?"

ఆయన బీరువాకు కట్టిన తాడు మళ్ళీ విప్పి కట్టాడు. "పాప మా అమ్మ దగ్గర పడుకుంటుంది. పాలు మాత్రం తల్లే పడుతుంది. పట్టాక ఎవరికో ఒకరికి ఇచ్చేస్తుంది. దాని ముఖం చూడదు. పోనుపోనూ అదే సర్దుకుంటుందని అంటున్నారు."

నేను కుండీ ముందుకు చాపాను. "ఇది తీస్కపొండ్రి. ఇది పిల్ల మొక్క. దీన్ని నేనేం జేయలేదని చెప్పుండ్రి. దాని టైంకు అదే పూస్తది."

"వద్దండీ" అన్నాడాయన, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని. "బయల్దేరేటప్పుడు తను ఒకటే చెప్పింది, ఆ మొక్క మాత్రం తేవద్దని."

దేన్నైనా మూడుసార్లు అడిగే మనిషిని, రెండోసారి అడగలేదు. లారీ రామంతాపూర్ రోడ్డు వైపు తిరిగేదాకా కుండీ పట్టుకునే నిల్చున్నాను. తర్వాత దాన్ని తెచ్చి తల్లి పక్కన పెట్టాను. తల్లి మొక్కకు లోపలి ఆకులు రెండో మూడో ఇంకా పచ్చగానే ఉన్నాయి. వాటి మధ్య గిన్నెలో వాన నీళ్ళు నిలిచి, దోమ పురుగులు ఆడుతున్నాయి. వంచి పారబోసి, కొత్త నీళ్ళు పోశాను.